నీలం మూత డ్రమ్ము

మట్టిలోని సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్నానని చెప్పినప్పటినుంచీ మా బావ నన్ను "మట్టి డాక్టరుగారూ" అని పిలుస్తున్నాడు. వేళాకోళమని తెలుసు. అయినా లోలోపల నాకు బాగానే ఉండేది. ముందు తగిలించిన మట్టిని వదిలేసి డాక్టరు అన్న ముక్కనే నా చెవులు పట్టుకునేవి.

మా పని ఇదీ. జబ్బు చేసిన ఆవులకు యాంటీబయాటిక్ మందులు వేస్తారు. ఆ మందులో చాలా భాగం ఒంట్లో ఆగదు, పేడలోనూ మూత్రంలోనూ బయటికి వచ్చేస్తుంది. ఆ పేడనే ఎరువుగా వేస్తే మట్టిలోని మంచి సూక్ష్మజీవుల గతేమిటన్నది మా ప్రశ్న. అందుకని ల్యాబు వెనక రేకుల షెడ్డులో రెండు డ్రమ్ముల పేడ ఉంచాం. ఒకటి మందు పడ్డ ఆవులది, ఒకటి పడనివాటిది. ఒకదానికి నీలం మూత, ఇంకోదానికి ఆకుపచ్చ మూత. ఏది ఏదో మా గైడుగారికి ఒక్కరికే తెలుసు. ముందే తెలిస్తే కళ్లు తమకు కావలసిందే చూస్తాయి కాబట్టి నాకు చెప్పొద్దని ఆయన్ని బతిమాలుకున్నది నేనే. నా ఈ నిజాయితీ గురించి ఇంట్లోవాళ్లు వినీ వినీ, నేను గొంతు సవరించుకోగానే లేచి వెళ్లిపోయేవారు.

మా అక్క బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. రోజంతా మిషను మీద వంగి వంగి మెడ పట్టేసింది, వేళ్లకు తిమ్మిర్లు మొదలయ్యాయి. ఇంటి వెనక ఖాళీ స్థలంలో చిక్కుడు వేస్తానంది. పంట నిలబడితే ఇక ఫ్యాక్టరీ మానేయొచ్చని బావ కూడా ఒప్పుకున్నాడు. సెలవు పెడితే, ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఆ పంటకాలం వరకూ ఆమె మిషను ఎవరికీ ఇవ్వనన్నాడు.

"ఎక్కడైనా మంచి ఎరువు దొరుకుతుందేమో చూడరా" అంది అక్క.

"ఎక్కడో ఎందుకక్కా, నా దగ్గరే ఉంది" అన్నాను.

షెడ్డుకి వెళ్లాక గానీ చిక్కు అర్థం కాలేదు. ఏ డ్రమ్ము మంచిదో గైడుగారిని అడిగితే ఇన్నాళ్ల ప్రయోగం మట్టిపాలు. అక్క దగ్గరికి వెళ్లి నాకు తెలియదంటే పరువు గంగపాలు. సరే, ఇంత చదివినవాణ్ణి, చూసి చెప్పలేనా అనుకుని రెండు మూతలూ తీశాను. ఆకుపచ్చ మూత కింద ముద్దముద్దగా, పురుగులు లుకలుకలాడుతూ, ముక్కులు బద్దలయ్యే వాసన. నీలం మూత కింద బుద్ధిగా, శుభ్రంగా, వాసనే లేదు. ఆరోగ్యమంటే ఇదీ అనుకున్నాను. నిజానికి వాసన వస్తోందంటే సూక్ష్మజీవులు పని చేస్తున్నాయని అర్థం. ఆ పాఠం ఏటా కొత్త పిల్లలకు చెప్పేది నేనే. నీలం మూత డ్రమ్ములోంచి రెండు బస్తాలు నింపి బావ స్కూటరు మీద వేసుకొచ్చాను.

చిక్కుడు మొదట ఏపుగానే లేచింది. బావ కూడా కాస్త మర్యాదగా మాట్లాడాడు. తర్వాత ఆకులు పసుపుబారడం మొదలైంది. నీళ్లు తగ్గించమన్నాను. తగ్గించింది. పెంచమన్నాను. పెంచింది. అక్క నా మాట అంత నమ్ముతుందని నాకప్పటిదాకా తెలియదు.

"డాక్టరుగారూ, ఇకనైనా నాడి చూస్తారా?" అన్నాడు బావ.

ఒక మొక్క పీకి వేరు కడిగాను. చిక్కుడు వేరు మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో కాపురముండే సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని మొక్కకు అన్నంగా మార్చి పెడతాయి. ఈ వేరు మాత్రం ఉత్త దారప్పోగులా ఉంది. ఇంకొకటి పీకాను, ఇంకొకటి. అన్నీ అంతే. గోడ వారన ఎరువు అందని మొక్కను పీకితే వేరునిండా బుడిపెలే. గోటితో చిదిపితే లోపల గులాబీరంగు, ఉండవలసినట్టే.

ల్యాబులో ఈ రెండు ఎరువులూ వేసి మొక్కలు పెంచిన నా కుండీలు ఇన్నాళ్లూ ఏ తేడా చూపించకుండా నన్ను ఏడిపించాయి. గైడుగారు ప్రయోగం మూసేద్దామంటున్నారు. ఇక్కడ చూస్తే కళ్లముందే ఫలితం.

"వచ్చింది అక్కా, తేడా వచ్చేసింది" అంటూ ఆ మొక్కల వేళ్లు చేత్తో పట్టుకుని నిజంగానే గంతేశాను.

అక్క నావంక చూసింది. బావ జోకేమీ వెయ్యలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

పక్కకు వెళ్లి గైడుగారికి ఫోను చేశాను. "నీలం మూతా? అది మందు పడ్డదయ్యా. ఇప్పుడెందుకు నీకు?" అన్నారు. చెప్పాను.

తిరిగొచ్చి అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"మళ్లీ విత్తనం వేస్తే వస్తుందా? ఈ మట్టి ఎన్నాళ్లకు బాగుపడుతుంది?" అని అడిగింది.

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. సూక్ష్మజీవులు ఎలా చస్తాయో కొలవడానికి మా దగ్గర బోలెడు పరికరాలున్నాయి. అవి మళ్లీ ఎప్పుడు వస్తాయో కొలుద్దామని మాలో ఎవరికీ తోచలేదు. మా ప్రయోగం చావుతోనే ముగిసిపోతుంది.

"నాకు తెలియదక్కా" అన్నాను.

"ఈ ముక్క ఆ డ్రమ్ము మూత తీసిన రోజే అనుంటే సరిపోయేది కదరా" అంది.

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. నేను పీకిన మొక్కలన్నీ ఒకచోట పోగుపెట్టి, చేతులు కడుక్కుని, సూపర్‌వైజరుకి ఫోను చేయడానికి లోపలికి వెళ్లింది.