సదయ్య బిళ్ళ

మా ఆయన సదయ్యకు పరుగు పిచ్చి పట్టింది నాకు మూడో నెల వచ్చినప్పుడు. ఇద్దరం ఒకేసారి వాంతులు చేసుకున్నాం, నేను కడుపుతో, ఆయన రైల్వే గేటు దాకా ఉరికి వచ్చి. గోదావరిఖని క్వార్టర్లలో అంత వింత ఎవరూ చూడలేదు. షిఫ్టంతా బాయిలో, అంటే బొగ్గు గనిలో, తట్ట మోసినవాడు, పైకి వచ్చాక ఒళ్ళు వాల్చకుండా రోడ్డు మీద పడి ఉరకడమేమిటి? "నీ పెనిమిటిని ఎవలన్న తరుముతున్నరా పూలమ్మా?" అని ఆడవాళ్ళు నన్ను ఆట పట్టించేవారు.

తరుముతున్నది పందెం. డెబ్బై రెండులో కంపెనీ ఆటల్లో ఇరవయ్యారు మైళ్ళ పరుగు పెట్టారు. దానికి మారథాన్ అని పేరట. గెలిచినవాడికి పైన పని ఇస్తారని, ఇక బాయి దిగే అవసరమే ఉండదని ఎవరో ఆఫీసరు అన్నాడట. అన్నాడో లేదో దేవుడికెరుక, మా ఆయన మాత్రం నమ్మాడు.

ఆయన పైన ఉండటమే నాకూ కావాలి. మొదటి కాన్పులో పొద్దున్నే నొప్పులు మొదలైతే బాయి గేటు దాకా కబురు పంపాం. గేటు దాటి లోపలికి ఆ కబురు దిగలేదు. ఆయన షిఫ్టు దిగి మసి మొహంతో వచ్చేసరికి ఊపిరి లేని బిడ్డను గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. ఆ రోజు ఆయన చేతులు కడుక్కోకుండానే గుడ్డ విప్పి చూశాడు. ఆ తెల్లటి గుడ్డ మీద పడిన వేలిముద్రలు నేను మరిచిపోలేదు.

అందుకే ఈసారి ముందే చెప్పాను. "నొప్పులొచ్చే యాల్లకు నువ్వు బాయిల ఉన్నవనుకో, మళ్ళ ఇంటికి రాకు. అటే పో."

"పైన్నే ఉంట పూలా" అని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

తొమ్మిదో నెల పడగానే లీవు దొరికిందన్నాడు. నా సంబరం చెప్పలేను. కానీ పైన ఉంటానంటే ఇంట్లో ఉంటాడనుకున్నాను గానీ, రోడ్డు మీద ఉంటాడనుకోలేదు. తెల్లవారకముందే గుడ్డ బూట్లు తొడుక్కుని గోదావరి దిక్కు పోవడం, ఎండ ముదిరాక వచ్చి చాప మీద పడటం. నల్లా దగ్గర నీళ్ళు పట్టేది నేనే, కట్టెలు కొట్టేది నేనే. పైగా పిక్కలు పట్టేశాయని ఆయనకు కాళ్ళు పిసకాలి.

"కనేది నువ్వా నేనా?" అని ఒకరోజు నూనె గిన్నె విసిరేశాను.

"ఐతారం దాక ఓపిక పట్టు. ఐతారం పందెం అయిపోతది. ఆటెన్క నువ్వెట్ల చెప్తె గట్ల" అన్నాడు, నూనె మరకను చేత్తో తుడుస్తూ.

ఇంట్లో ఇంకో మగమనిషి మా తమ్ముడు పోశం. నౌకరీ కోసం ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నాడు. కంపెనీలో ఇంకా పేరెక్కలేదు. పవర్ హౌస్ దగ్గర మట్టి పని దొరికిందని రోజూ పొద్దున్నే సద్ది కట్టుకుని పోయేవాడు. సాయంత్రం వాగులో శుభ్రంగా స్నానం చేసి, తల దువ్వుకుని మరీ వచ్చేవాడు. ఊళ్ళో నాలుగు రోజులకోసారి ఒంటి మీద నీళ్ళు పోసుకునేవాడికి ఇంత శుభ్రం ఎట్లా అబ్బిందా అని మురిసిపోయాను. నా అంత పిచ్చిది లేదు.

పందెం ఉన్న ఆ వారంలోనే ఒకరోజు, పొద్దు నడినెత్తికి వస్తుండగా సైరన్ కూసింది.

షిఫ్టుకు కూసే సైరన్ వేరు. వేళ కాని వేళ కూస్తే బాయిలో ప్రమాదమని ఎవరికీ చెప్పక్కర్లేదు. కాలనీలో ఆడవాళ్ళు పొయ్యి మీద గిన్నెలు అట్లాగే వదిలేసి బాయి దిక్కు పరుగెత్తారు. పక్కింటి మక్సూదా అక్క వాకిట్లో నిలబడి చేతులు పైకెత్తి దువా చేసుకుంటోంది. ఆమె భర్త గులాం అలీ బాయి మీద వర్క్‌షాపులో ఫిట్టరు. నేను మాత్రం గడపలో కూర్చుని ఉల్లిగడ్డలు కోసుకుంటున్నాను. పొద్దుటి నుంచి నడుము లాగుతోంది గానీ మనసు నిబ్బరంగా ఉంది. నా మనిషి పైన ఉన్నాడు.

కాసేపటికి గులాం అలీ అన్న సైకిల్ మీద వచ్చాడు. నా మొహంలోకి చూడలేక హ్యాండిల్ వైపు చూశాడు.

"చెల్లే, నువ్వు జర కూసో."

"కూసునే ఉన్న గదన్నా. ఏమైంది?"

"కప్పు కూలింది. అందరు బయటికొచ్చిన్రు. ల్యాంపు రూములో ఒక్క బిళ్ళ మిగిలింది. సదయ్యది."

దిగేటప్పుడు ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ల్యాంపు రూములో ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బిళ్ళ మిగిలిందంటే మనిషి లోపల ఉన్నట్టే. అక్కడ ఎవరూ మొహం చూడరు, బిళ్ళనే చూస్తారు.

నేను నవ్వాను. ఆ రోజు కాలనీలో నవ్విన ఆడది నేనొక్కదాన్నే.

"మా ఆయన లీవుల ఉన్నడన్నా. పొద్దుగాల్నే గోదారి దిక్కు ఉరికిండు. బిళ్ళలు అటీటు అయినయి కావచ్చు."

"సచ్చీ?"

"నా కడుపుల బిడ్డ మీద ఒట్టు."

గులాం అలీ అన్నకు ఒక్కసారిగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "యా అల్లా! అక్కడ మనుషులు పానాలకు తెగించి రాళ్ళు తీస్తున్నరు. మీదికెళ్ళి ఇంక పడుతనే ఉన్నయి. లోపల ఎవ్వలు లేరని జల్ది చెప్పాలె."

"జల్ది పో అన్నా" అన్నాను నేను. "వాళ్ళకు గూడ పెండ్లాం పిల్లలున్నరు. ఉత్తగనే ఎందుకు చావాలె?"

ఆయన సైకిల్ తిప్పుకుని తొక్కుకుంటూ పోయాడు. మంచి పని చేశానని నా మీద నాకే ముచ్చటేసింది. మిగతా ఉల్లిగడ్డలు కూడా కోశాను.

ఆ తర్వాత కాసేపటికే మా ఆయన చెమటలు కక్కుతూ వచ్చాడు. సైరన్ విని దారిలోంచే వెనక్కి తిరిగాడట. గడపలో నన్ను చూసి, "ఏ బాయి?" అన్నాడు.

"మీదే. కప్పు కూలిందట. నీ బిళ్ళ మిగిలిందని గులామన్న మొఖం ఇంతేసుకొని వచ్చిండు. మా ఆయన పైన్నే ఉన్నడు, తవ్వుడు బంద్ చేయమని చెప్పు అని నేనే తోలిచ్చిన" అన్నాను గొప్పగా.

ఆయన నవ్వలేదు. గోడకు చెయ్యి ఆనించాడు.

"గులాం పోయి ఎంతసేపాయె?"

"ఇప్పుడే. ఎందుకు?"

"నాకు లీవు దొరకలె పూలా."

నాకు అర్థం కాలేదు. లీవు దొరక్కపోతే మరి ఈయన ఇక్కడెందుకున్నాడు? ఆ బిళ్ళ అక్కడెట్లా ఉంది?

"పోశం దిగిండు" అన్నాడు. "నా బిళ్ళ మీద. వాడు పని నేర్చుకుంటా అన్నడు. నువ్వేమో పైన్నే ఉండమన్నవు. పందెమేమో దగ్గరికొచ్చె."

లేచి ఆయన బనియను పట్టుకున్నాను. కొట్టాను కూడా, ఎక్కడ తగిలిందో తెలియదు. నా నోట్లోంచి వచ్చిన తిట్లు మా అమ్మ వింటే నన్ను చంపేసేది. వాగులో స్నానాలు, దువ్విన తల, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అంతలో నడుములోంచి పొత్తికడుపులోకి ఒక నొప్పి దిగి నన్ను అట్లాగే నేల మీద కూలదోసింది. కాళ్ళ మధ్య వెచ్చగా నీళ్ళు కారిపోయాయి.

ఆయన నా పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. "అక్కా! మక్సూదక్కా!" అని అరిచాడు. కంపెనీ అంబులెన్సు బాయి దగ్గరికి పోయింది, ఇక దవాఖాన మాట లేదు. మక్సూదా అక్క ఉరికి వచ్చి నా భుజాల కింద చేతులు వేసింది. ఆయన నా చెయ్యి వదలడం లేదు.

"ఒట్టేసిన గద పూలా. నిన్నిడిసి ఎట్ల పోను?"

"ఉరుకు" అన్నాను.

"బిడ్డ..."

"బిడ్డను నేను చూసుకుంట. వాడు మా అమ్మకు ఒక్కడే కొడుకు. ఇన్నొద్దులు ఉరికినవ్ గద, ఇప్పుడు ఉరుకు!"

"నేనున్న, నువ్వు పో భయ్యా" అంది మక్సూదా అక్క, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే నా చేతి నుంచి విడదీస్తూ.

తర్వాతి సంగతి నాకు గులాం అలీ అన్న చెప్పాడు. ఆయన సైకిల్ ఎంత జల్ది తొక్కినా, మంచి మాట కదా, దారిలో ఏడుస్తూ కనబడ్డ ప్రతి ఆడదాని దగ్గరా కాలు నేల మీద పెట్టి చెప్పుకుంటూ పోయాడట. అయినా మా ఆయన ఆయన్ని అందుకోలేకపోయాడు. గులాం అలీ అన్న చెప్పీ చెప్పగానే లోపలికి కబురు పోయింది. రాళ్ళు తీసేవాళ్ళు బయటికి వచ్చి, నేల మీద కూలబడి నీళ్ళు తాగుతున్నారు. ఒకరిద్దరు బీడీలు ముట్టించారు. అప్పుడు మట్టిదిబ్బ మీది నుంచి మా ఆయన దిగాడట, ఒక కాలికే బూటుతో. పొద్దుటి నుంచి ఉరికిన కాళ్ళు, అడ్డదారిన రాళ్ళల్లో పడి వచ్చాడు. వచ్చి మాట్లాడలేక కక్కుకున్నాడు. నోరు తుడుచుకుని, అందరి ముందు చెప్పాడు.

"బిళ్ళ నాది. మనిషి నేను గాదు. లోపల నా బామ్మర్ది ఉన్నడు."

బయటికి వచ్చినవాళ్ళు బీడీలు పారేసి, ఎవరూ చెప్పకముందే మళ్ళీ దిగారట.

ఇవేవీ నాకు అప్పుడు తెలియదు. మక్సూదా అక్క "జోర్ సే, ఇంకోసారి" అంటుంటే నేను దేవుడితో బేరం పెట్టుకున్నాను. బిడ్డనిచ్చి తమ్ముణ్ణి తీసుకోకు అన్నాను. మరుక్షణమే తమ్ముణ్ణిచ్చి బిడ్డను తీసుకోకు అన్నాను. పొద్దు వాలుతుండగా ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. "చూడు, ఎంత ముద్దుగుందో" అని అక్క చూపిస్తే నేను తలుపు వైపు చూస్తున్నాను.

చీకటి పడ్డాక గులాం అలీ అన్న గుమ్మం అవతల నిలబడి, "బతికిండు చెల్లే! కాలు ఇరిగింది, అంతే" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. అప్పుడే బిడ్డకు రొమ్మిచ్చాను.

ఆయన వెనక మా ఆయన కూడా వచ్చాడు. లోపలికి కాలు పెట్టబోతుంటే ఆపాను.

"పోశం చూసినంకనే నువ్వు చూడాలె. అప్పటిదాక గడప దాటకు."

ఆయన ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. అరుగు మీద కూర్చున్నాడు, అక్కడే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు. లోపల బిడ్డ ఏడిస్తే బయట ఆయన దగ్గు వినపడేది. బిళ్ళ సంగతి మీద విచారణ పెట్టి, అది తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. పందెంలోంచి పేరు కొట్టేశారు. ఆదివారం నాడు పరుగెత్తేవాళ్ళు మా రోడ్డు మీదుగానే పోయారు. కాలనీ అంతా చప్పట్లు కొట్టింది. కిటికీలోంచి చూస్తే, ఆయన తల వంచుకుని పాదాల బొబ్బలు చూసుకుంటున్నాడు. జాలేసింది. అయినా పిలవలేదు.

పందెం అయ్యాక పోశాన్ని కాలికి కట్టుతో దవాఖాన నుంచి గులాం అలీ అన్న సైకిల్ క్యారియర్ మీద తెచ్చాడు. వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి బిడ్డను ఒళ్ళో పెట్టాను. వాడు దాని గుప్పిట్లో తన వేలు పెట్టాడు.

"అక్కా, రాళ్ళ అవతల గడ్డపారల సప్పుడు ఇనబడ్డంతసేపు ధైర్యంగనే ఉంటి" అన్నాడు. "నడుమ ఒకసారి సప్పుడు ఆగింది. మస్తుసేపు. ఇగ నన్ను ఇడిసిపెట్టి పోయిన్రు అనుకున్న. మీ అందరి పేర్లు ఒక్కొక్కటే తలుసుకున్న. తర్వాత మళ్ళ సప్పుడైంది."

ఎందుకు ఆగిందో వాడికి తెలియదు. ఎవరూ చెప్పలేదు. గడపలో ఉల్లిగడ్డలు కోసుకుంటూ, జల్ది పో అన్నా అన్న నా గొంతు నాకే వినపడింది. ఆ చప్పుడు ఆగింది నా మాటతో. మళ్ళీ మొదలైంది బయట అరుగు మీద ఉన్న ఆ కాళ్ళతో.

పోశం ఒళ్ళోంచి బిడ్డను తీసుకుని గడప దాటాను. పురుటాలు బయటికి రాకూడదని మక్సూదా అక్కకు కూడా తెలుసు, అయినా పక్కకు జరిగి దారిచ్చింది. మా ఆయన నన్ను చూసి లేవబోయాడు.

"కూసో" అన్నాను.

రెండు చేతులూ లుంగీకి గట్టిగా తుడుచుకుని చాపాడు. బిడ్డను ఒళ్ళో పెట్టాను.

"తల కింద చెయ్యి పెట్టు" అన్నాను.

పెట్టాడు. చాలాసేపు కాళ్ళు కదపకుండా అట్లాగే కూర్చున్నాడు.