కొట్టేసిన పేరు

"ఇల్లు తుడుసుకోడం ఎక్సర్‌సైజు కాదేటే? దానికి పనిగట్టుకుని ఆస్పత్రికెల్లాలా?"

నేను గుండెకు స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చిన మూడో వారంలో మా ఆయన అర్జునరావు నాతో అన్న మాట ఇది. ఆయన చేతిలో డాక్టరు నాకు రాసిన కాగితం ఉంది. వారానికి మూడు సాయంత్రాలు, పన్నెండు వారాలు, దగ్గరుండి చేయించే వ్యాయామం. మా అత్త సన్యాసమ్మ మంచం మీద నుంచే అందుకుంది. "కల్లంలో పన్జేసినోల్లం. ఏ మిసనెక్కినామమ్మా మేం?" వాళ్లిద్దరూ అలా అంటున్నంతసేపూ నేను ఆ ఇల్లే తుడుస్తున్నాను.

గుండెపోటు వచ్చిన రోజూ ఇంతే. దవడ లాగేస్తోంది, వీపు మీద బరువు పెట్టినట్టుంది అంటే, "గ్యాసే, సోడా తాగు" అన్నారు. సోడా తాగి, చేపలు వేయించి, ఇద్దరికీ వడ్డించాకే ఆటో ఎక్కాను. "ఇంత ఆలస్యం చేశారేంటమ్మా?" అని డాక్టరు నన్నే తిట్టాడు. పక్కనుంచి మా ఆయన, "సెప్పదండీ, అన్నీ దాసుకుంటాది" అన్నాడు. ఆక్సిజన్ మాస్కు పెట్టారు కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే ఏమనేదాన్నో నాకే తెలియదు.

అయినా వెళ్లాను. గాజువాకలో షేర్ ఆటో పట్టుకుని, ఒక్కదాన్నే. అక్కడ ఎనిమిది మందిమి, ఏడుగురు మగవాళ్లే. వాళ్ల భార్యలు గోడవార కుర్చీల్లో నీళ్ల సీసా, తువ్వాలు పట్టుకుని కూర్చుంటారు. తవిటయ్యగారి భార్యయితే వంగి ఆయన బూట్ల తాళ్లు కూడా కడుతుంది. నా సీసా నా సంచిలోనే.

మొదటి రోజు ట్రెడ్‌మిల్ చూసి భయమేసింది. ఇంటి పని చాలదా అని ఫిజియోథెరపిస్టు ఆస్రాని అడిగేశాను. నా వేలికి క్లిప్పు పెడుతూ ఆ అమ్మాయి అంది, "పని చేసేటప్పుడు మీ గుండె ఎంత కొట్టుకుంటోందో ఎవరైనా చూస్తారా ఆంటీ? అలిసిపోతే ఆగమంటారా?" ముప్పై ఏళ్ల కాపురంలో ఆ రెండు మాటలు అడిగిన మనిషి లేదు. ట్రెడ్‌మిల్ ఎక్కి నడవడం మొదలుపెట్టాను.

నాలుగో వారానికి తడిబట్టల బకెట్టుతో ఆగకుండా మేడ ఎక్కగలిగాను. అది చూసి మా అత్త, "బాగైపోనాది గదా, ఇంకెందుకా తిరుగుడు?" అంది. బాగుపడ్డదీ ఆ తిరుగుడు వల్లేనని చెప్పడానికి కూడా విసుగొచ్చింది.

అయిదో వారం ఎలమంచిలి నుంచి ఆడపడుచు చిలకమ్మ పిల్లల్ని వేసుకుని పది రోజులుందామని వచ్చింది. సోమవారం అందరికీ పకోడీలు వేసి, టీ ఇచ్చి, పరుగున వెళ్లాను. ఆస్రా నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"మీరు మానేశారు కదా ఆంటీ? పొద్దున్న అంకుల్ ఫోన్ చేశారు, పేరు తీసేయమని."

రిజిస్టరులో నా పేరు మీద గీత ఉంది. పుష్ప అన్న రెండక్షరాలు దాని కింద నలిగినట్టు కనిపించాయి. అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"అవును, సెప్పీసినాను" అన్నాడు మా ఆయన తాపీగా. "సిలకమ్మొచ్చింది గదా. రాత్రికి వంటెవులు సేత్తారు?"

"మీరు చెయ్యండి."

"నాకు వంటొచ్చేటే?"

"మూడు గ్లాసుల బియ్యానికి ఆరు గ్లాసుల నీళ్లు. పప్పు పొయ్యి మీదే ఉంది" అని పెట్టేశాను.

ఆస్రా బీపీ చూసింది. ఎక్కువగానే ఉంది. తగ్గేదాకా కూర్చోమంది. కూర్చునే పెన్ను తీసుకుని గీత కింద నా పేరు మళ్లీ రాశాను. ఫోన్ నంబరు దగ్గర ఆయనది కొట్టేసి నాది వేశాను.

"ఎవరు ఫోన్ చేసినా, నేను చచ్చిపోయానని చెప్పినా సరే, నన్నడక్కుండా పేరు తియ్యకమ్మా."

ఆస్రా నవ్వలేదు. తలూపింది. బీపీ దిగాక రోజూలాగే నడిపించింది.

ఇంటికొచ్చేసరికి ఏడు దాటింది. వంటింట్లో అన్నం ముద్దయి ఉంది. మా ఆయన మొహం తిప్పుకున్నాడు. అత్త, చిలకమ్మ టీవీ ముందు నుంచి కదల్లేదు. నేను వడ్డిస్తానని అందరూ ఎదురు చూస్తున్నారు. కాళ్లు కడుక్కుని ఒక్క కంచమే తీశాను. ఆ మెత్తటి అన్నంలో పప్పు కలుపుకుని, ఆ ఇంట్లో మొదటిసారి అందరికంటే ముందు తిన్నాను.