కామా తర్వాతి గడి

నాలుగో ఫైలులో పదకొండో వరుస పక్కకి జరిగింది. కామా అయ్యుంటుందని చూడకుండానే తెలిసింది ఆమెకు. గొట్టాల వెంట నడిచే ఫిట్టర్లు జీపీఎస్‌లో పాయింటు నొక్కి, పక్కన ఏదో ఒక మాట రాస్తారు. వాల్వు బిగుసుకుందనో, మూత లేదనో, కుక్క ఉందనో. అందులో ఒక్క కామా పడితే చాలు, ఫైలును షీటుగా మార్చినప్పుడు ఆ మాట రెండు గడుల్లోకి చీలిపోతుంది. ఎత్తు ఉండాల్సిన చోట సగం మాట, సమయం ఉండాల్సిన చోట ఎత్తు. ఆమె కామా తీసేసింది. వరుస దారికి వచ్చింది. తర్వాత సమయాలన్నిటికీ అయిదున్నర గంటలు కలిపింది. జీపీఎస్ ఊరి టైము రాయదు, లోకానికంతటికీ ఒకటే టైము రాస్తుంది.

నీళ్ల ఆఫీసులో ఆమెను అందరూ అంకెలక్క అంటారు. కళ్లజోడు ఆనిన చోట ముక్కుకి రెండు వైపులా ఎర్రటి గుంటలు, చూపుడు వేలి కొసన చిన్న కాయ. ఈ పని ఆఫీసులో నేర్చుకున్నది కాదు. భర్త ఇక్కడే ఫిట్టరు. సాయంత్రం ఆయన ఇంటికి తెచ్చిన పాయింట్లను వంటింటి బల్ల మీది పాత కంప్యూటర్లో ఆమే షీటుగా మార్చి పెట్టేది.

తొమ్మిదేళ్ల కిందట ఒక ఉదయం ఆయన విసుక్కున్నాడు. "ఒక్క కామా పెడితే కొంపలేం మునుగుతాయే?"

"మునుగుతాయి. కామాలు మానేదాకా ఇంటికి రాకండి."

రాలేదు. ఏట్లో పడ్డాడన్నారు కొందరు, ఎవరితోనో వెళ్లిపోయాడన్నారు ఇంకొందరు. ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. ఆడపడుచు మాత్రం వచ్చినప్పుడల్లా నవ్వుతూనే అంటుంది, "నీ కామాల గోల పడలేకే పారిపోయుంటాడు వదినా, మా అన్నయ్య." కాదని చెప్పడానికి ఆమె చేతిలో ఏమీ లేదు.

మధ్యాహ్నం రెండు దాటాక పొడుగు ఫిట్టరు వచ్చాడు, మోకాళ్ల దాకా బురదతో. కొత్తగా చేరినవాడు.

"అక్కా, పాత వాల్వు గుంట పగలగొడితే ఇది లోపల నిచ్చెనకి వేలాడుతోంది. బతికుందేమో కాస్త నాడి చూడు."

బల్ల మీద గుడ్డ సంచి పెట్టాడు. నల్లదారం చాలక, చివర నాలుగు వేళ్ల మేర పచ్చదారంతో కుట్టిన సంచి. ఆ కుట్టు ఆమెదే, ఆయన సంచికి వేసింది.

"ఆ గుంట ఎప్పట్నుంచి మూసుంది?"

"తొమ్మిదేళ్లట. లోపల చూసుకోకుండా సిమెంటు పోసి పైన రోడ్డేసేశారు. అడుగున మెడలోతు నీళ్లు. మోటారు పెట్టాం, తోడాక దిగుతాం."

"దిగాక నాకు చెప్పు."

"నీకెందుకక్కా? దానికీ ఓ గడి గీస్తావా?" నవ్వుకుంటూ వెళ్లాడు.

సంచిలోంచి జీపీఎస్ తీసి, కంప్యూటరు తీగ తగిలించింది. వెలగకూడదు. వెలిగింది.

మొదటి పధ్నాలుగు వరుసలు ఆయన వెళ్లిన రోజువే. "మూత విరిగింది, ఎవడి పుణ్యమో." చివరిది, "నిచ్చెన ఉంది, ఒక మెట్టు లేదు." అన్నీ పక్కకి జరిగే ఉన్నాయి. దేన్నీ సరిచేయాలనిపించలేదు ఆమెకు.

పదిహేనో వరుస మరునాటిది. పదహారోది ఆ తర్వాతి రోజుది. రోజుకొకటి, గంటలు కలిపితే సరిగ్గా సాయంత్రం అయిదూ నలభై. కిందికి, ఇంకా కిందికి వెళ్లింది. మూడు వేల పైచిలుకు వరుసలు, నిన్నటిదాకా. అన్నిటికీ చోటు ఒకటే, చివరి అంకె కూడా మారలేదు. అది గుంట ఉన్న చోటు కాదు.

గంటలు రెండుసార్లు కలిపానా అని చూసుకుంది. లేదు. అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయేమోనని చూసింది. కాలేదు. కుళాయిల పట్టికలో ఆ అంకెల్ని వెతికింది. అన్నిటికన్నా దగ్గరి కుళాయి తన ఇంటిదే. దానికి రెండు మీటర్ల దూరంలో ఉండేది వంటింటి కిటికీ.

రోజూ ఇల్లు చేరగానే, కాళ్లు కడుక్కుని, ఆమె మొదట చేసే పని ఆ కిటికీ మూయడం. దోమలొస్తాయని. అప్పటికి అయిదూ నలభై అవుతుంది.

వేలితో తెర మీద వరుసలు తడుముతూ పోయింది. మాట రాయాల్సిన గడి ప్రతి చోటా ఖాళీ. మూడు వేల రోజుల్లో ఒక్క కామా లేదు.

మెడ మీద సన్నగా తడిగాలి సోకింది. వెనక గోడే ఉంది.

అయిదు కాగానే లేచింది. కంప్యూటరు ఆపలేదు. జీపీఎస్ తీగ మాత్రం ఊడదీసి, దాన్ని సంచి పక్కన పెట్టింది. ఇంట్లోకి చెప్పులతోనే నడిచింది. కిటికీకి ఒక రెక్కే తెరిచి ఉంది. రెండోది కూడా తీసి, ఊచలు పట్టుకుని నిలబడింది. బయట కుళాయి, తడి నేల, ఎవరూ లేరు.

"రండి," అంది. "కామాలతోనే రండి."

ఆరింటికి పొడుగు ఫిట్టరు ఆఫీసు గుమ్మం దగ్గర ఆగి, ఎన్నడూ లేనిది, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. గుంట అడుగున మనిషి ఎముకలు దొరికాయి. ఆ సంచి ఎవరిదో పెద్ద ఫిట్టరు చెప్పాడు. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాడు.

"అక్కా..."

కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద, తీగ లేకుండానే, జీపీఎస్ వెలుగుతోంది. చిన్న తెర మీద కొత్త పాయింటు, గంటలు కలిపితే అయిదూ నలభైది. మాట గడిలో "వచ్చాను," అని ఉంది, కామా తర్వాత ఏమీ లేదు.