బసవపున్నయ్య ఎక్కిన అరవై అంతస్తులు

ఆ అడవి అంచు ఊళ్లో అన్నిటికన్నా ఎత్తయిన కట్టడం బసవపున్నయ్య ఎరువుల కొట్టే. కింద దుకాణం, పైన గోదాము, అంతే. అలాంటి ఊళ్లో ఒక మనిషి ఒక్క రోజులో అరవై అంతస్తులు ఎక్కాడంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మారు. వాకింగ్ గ్రూపు వాట్సాప్‌లో ముప్పై నలుగురు పెద్దమనుషులు నమ్మి, చప్పట్లు కొట్టే బొమ్మలు పంపారు.

బసవపున్నయ్య ఇంటికీ కొట్టుకీ మధ్య దూరం రెండు కరెంటు స్తంభాలు. ఆ దూరానికి ఆయన కారు తీసేవాడు, కార్లో ఏసీ చల్లబడేలోపే కొట్టు వచ్చేసేది. ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చునే వీల్లేదు, అందులో ఆయన ఆకారం అచ్చుపడి ఉండేది. ఆయన ఇంటికి పోయినా సేటు కూర్చునే ఉన్నాడనుకుని రైతులు ఖాళీ కుర్చీకి నమస్తే పెట్టిపోయేవారు. పొద్దున పూరీ, పదింటికి మిర్చిబజ్జీ, మధ్యాహ్నం ఫోన్లో చెబితే వచ్చే బిర్యానీ, సాయంత్రం మిక్చరు. నమలడం ఆపితే ఫోను, ఫోను ఆపితే నమలడం. నూట పద్దెనిమిది కిలోలు.

ఇంకో సంగతి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. రెండేళ్లుగా ఆయనకు నిద్ర లేదు. రోజూ కొట్టు ముందు కారు ఆపి, షట్టరు ఎత్తేముందు స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చేవాడు. ఎందుకో ఆయనకే తెలియదు. తర్వాత కళ్లు తుడుచుకుని బజ్జీలకు కబురు పెట్టేవాడు. తింటున్నంతసేపు ఏడుపు రాదు మరి.

భార్య హైమ పోరుపెట్టి ఖమ్మం తీసుకెళ్లింది. డాక్టర్ సుజన బరువు చూసింది, బీపీ చూసింది, తర్వాత మొహం చూసింది.

"నిద్ర పడుతోందా?"

"పడ్తది మేడమ్."

"పట్టదండీ, అబద్ధం" అంది హైమ.

"మనసు బాగోక తింటారు. తిని కదలరు. కదలక నిద్ర చెడుతుంది, మనసు ఇంకా కుంగుతుంది. నెల రోజులు నడవండి. అడుగులూ నిద్రా గుండె చప్పుడూ చూపించే వాచీ కట్టుకోండి. అది చూసి మనసుకు మందు కావాలో వద్దో చెప్తాను" అంది డాక్టర్.

బయటికి రాగానే బసవపున్నయ్య ఎగిరిపడ్డాడు. "మనసుకు మందేంది? నేనేమన్న పిచ్చోణ్ణా? ఊళ్లె తెలిస్తె నా దగ్గర పురుగుమందు గూడ కొనరు!"

అయినా వాచీ కొన్నాడు, రైసుమిల్లు వెంకటరామారావు నడిపే వాకింగ్ గ్రూపులో చేరాడు. ఆ గ్రూపు ఘనత చెప్పుకోవాల్సిందే. గ్రౌండుకు కార్లలో వచ్చేవారు, రెండు చుట్లు తిరిగేవారు, రాగిజావకు ఫొటో తీసి, దాన్ని అక్కడే పారబోసి టిఫిన్ సెంటరుకు పోయేవారు. నెలాఖరుకు ఎక్కువ అడుగులు వేసినవాళ్లకు శాలువా.

మొదటిరోజు బసవపున్నయ్యవి ఆరువందల నలభై అడుగులు. "బోణీ బాగుంది బావగారూ" అని వెంకటరామారావు ఒక నవ్వే బొమ్మ పెట్టాడు. ఆ బొమ్మ వెళ్లి ఈయన గుండెలో గుచ్చుకుంది.

అది బీడీలకు తునికాకు తెంపే కాలం. కొట్టు ఊడ్చే జంపక్క తెల్లారకముందే అడవికి పోయి, గుట్టలెక్కి ఆకు తెంపి, కట్టలు కట్టి, కల్లంలో అప్పజెప్పి, సాయంత్రం వచ్చి చీపురు పట్టేది. బసవపున్నయ్య వాచీ తీసి ఆమె చేతికి కట్టాడు.

"గిదేంది సేటూ?"

"ఊకె ఉంచుకో జంపక్కా. పండేటప్పుడు గూడ ఇప్పకు. నెలకు సరిపడ చాయ్ పత్తి ఇస్త."

"నేను నడిస్తె నీ పొట్ట తగ్గుతదా?"

"నీకెందుకది?"

"అవ్ తియ్. రేపు నీ బువ్వ గూడ నేనే తింట. నీ కడుపు నిండుతదేమో సూడు."

ఇక చూడండి! సాయంత్రం జంపక్క కొట్టుకు రాగానే వాచీలో లెక్క ఆయన ఫోనులోకి ఎక్కేది. రోజుకు ఇరవై ఎనిమిది వేల అడుగులు. జంపక్క గుట్టలెక్కితే వాచీ అంతస్తులని లెక్కకట్టింది, అరవై! కుర్చీలో కూర్చుని బజ్జీ నములుతూనే బసవపున్నయ్య గోదావరి అవతలి దాకా పోయి వచ్చాడు. నెలాఖరుకు శాలువా కప్పారు. మర్నాడు ఆ శాలువాతోనే కారులో కూర్చుని ఏడుస్తుంటే ముప్పావుగంట గడిచింది, షట్టరు లేవలేదు, రైతులు ఎండలో నిలబడ్డారు. అప్పుడు భయం పట్టుకుంది. ఈసారి డాక్టరుకు నిజం చెప్పేద్దామనుకున్నాడు.

కానీ ఆయన నోరు తెరిచేలోపే డాక్టర్ సుజన ఆయన ఫోను తీసుకుంది. చూస్తుంటే ఆమె మొహం విప్పారింది.

"రోజూ ఎనిమిది గంటల గాఢనిద్ర! గుండె కుర్రవాళ్లకు ఉన్నట్టుంది. మీకు మందెందుకండీ? ఇలాగే నడవండి, చాలు."

హైమ కొంగుతో కళ్లొత్తుకుంది. డాక్టర్ తర్వాతి పేషెంటు కోసం గంట నొక్కింది. బసవపున్నయ్య లేచాడు, తలుపు దాకా పోయాడు, గడియ మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కదలలేదు.

"అది నాది కాదు మేడమ్."

"ఏది?"

"నిద్ర. మా కొట్టు ఊడ్సే జంపక్కది."

"మరి అడుగులు?"

"అవి గూడ ఆమెవే."

"శాలువా?" అని అడిగింది హైమ.

"శాలువా గూడ."

డాక్టర్ నవ్వలేదు. తర్వాతి పేషెంటును కాసేపు ఆగమంది. "సరే, కూర్చోండి. మీది ఏముందో చెప్పండి."

ఆయన కారు గురించీ స్టీరింగు గురించీ చెప్పాడు. హైమ వింటూ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

రెండు రోజుల తర్వాత బసవపున్నయ్య కారు ఇంటి దగ్గరే వదిలి, వాచీ తన చేతికే కట్టుకుని కొట్టుకు నడిచాడు. రెండో స్తంభం దగ్గర ఆయాసంతో ఆగాడు. రెండువందల పన్నెండు అడుగులు. అదే గ్రూపులో పెట్టాడు. వెంటనే వెంకటరామారావు నవ్వే బొమ్మ వచ్చింది. డాక్టర్ రాసిన మాత్ర మొదలుపెట్టి రెండు రోజులే గనక ఏడుపూ వచ్చింది. కారు లేదు గనక రోడ్డు మీదే వచ్చింది.

ఆకు కాలం అయిపోయి జంపక్క పొద్దున్నే కొట్టు వాకిలి ఊడుస్తోంది. ఆయన ఇచ్చిన శాలువాను మూటలు మోసేటప్పుడు తల మీద చుట్టకుదురుగా వాడుతోంది.

"ఏంది సేటూ, ఏడుస్తున్నవా?"

"అవ్."

"ఎందుకు?"

"తెల్వదు. డాక్టరమ్మ మందిచ్చింది."

"మంచిగైంది. జర షట్టరెత్తి పక్కకు జరుగు, లోపట ఊడ్వాలె."

ఆయన వంగి షట్టరెత్తాడు.