ఖాళీగా వదిలిన గుండ్రం

ఆసుపత్రి వరండాలో నడుస్తూ నడుస్తూ మా పెరటి బాత్రూమ్ దగ్గర తేలుతాను, దాని గడప మీద హైమక్క కూర్చుని ఉంటుంది, పోయి ఆరేళ్ళయినా అదే లంగావోణీలో, కళ్ళనిండా కాటుకతో, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని. నాకు ఆశ్చర్యమేమీ కలగదు.

"ఇంకా తగ్గలేదా అక్కా?"

"ఉంటేగా తగ్గడానికి! నాకసలు జబ్బే లేదంటగా, నాన్న చెప్పాడు."

నా చేతిలో కాగితం ఉంది. మా ఇంట్లో పేగువాపు జబ్బు ఎవరెవరికి వచ్చిందో ఆసుపత్రివాళ్ళు గీసిన పటం. మగవాళ్ళకు చతురస్రాలు, ఆడవాళ్ళకు గుండ్రాలు, జబ్బున్నవాళ్ళకు నలుపు. ఇంటి పెద్ద కాబట్టి వివరాలు నాన్నే చెప్పాడు. అన్నయ్య చతురస్రం నల్లగా నిగనిగలాడుతోంది, అక్క గుండ్రం ఖాళీ.

"వాడికి విరేచనంలో నెత్తురు పడితే ఆ పూటే కారు మాట్లాడారు. నాకు పడితే నెలసరన్నారు, ఏడాదంతా వాము నీళ్ళు తాగించారు. పేగు చిల్లుపడి, కోసి చూశాకగానీ నమ్మలేదే." అక్క వెనక గోడ పల్చబడి, లోపల అన్నయ్య తీరిగ్గా పెరుగన్నం తింటూ కనిపిస్తాడు, పాపం వాడేం చేశాడు, అయినా వాడి మీదా నాకు కసిగా ఉంటుంది.

"ఒకే జన్యువులున్నా ఆడవాళ్ళకో రకంగా, మగవాళ్ళకో రకంగా ముప్పు ఉండొచ్చట అక్కా. అందుకే ఆడవాళ్ళెవరికైనా వచ్చిందా అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. మా ఆడపిల్లలకి లేదండీ అన్నాడు నాన్న."

"ఉందంటే, ఆలస్యం ఎవరిదని అడుగుతారుగా. నీకూ పడుతోందా నెత్తురు?"

"మూడు వారాలుగా. ఆ ఖాళీ గుండ్రం చూసి నా పరీక్ష వెనక్కి నెట్టేస్తారు."

"ఏం చేద్దామే ఆయన్ని?"

"చంపేద్దాం," అంటాను, కూరలో ఉప్పేద్దాం అన్నంత మామూలుగా.

"ఛ, చస్తే ఏం వినపడుతుంది? బతికుండి వినాలి." అక్క నా వేలు పట్టుకుని తన కాటుకలో అద్దుతుంది. "ఆయన చూస్తుండగా నింపు."

"వింధ్య ఎవరండీ?"

నర్సు పిలుపుకి కళ్ళు తెరిచాను. మిట్టమధ్యాహ్నం, అదే వరండా, పక్క కుర్చీలో నాన్న. నిద్రలో కళ్ళు నులుముకున్నానేమో, చూపుడువేలికి కాటుక అంటింది. ఒళ్ళోని కాగితంలో గుండ్రం ఖాళీగానే ఉంది.

నాన్న కాగితం అందుకోబోయాడు. ఇవ్వలేదు. ఆయన చూస్తుండగానే గుండ్రం నిండా ఆ వేలితో రుద్దాను.

"ఏం చేస్తున్నావే?"

"ఇది మా అక్కండీ," అన్నాను నర్సుతో, వరండా అంతా వినపడేలా. "దీనికీ ఇదే జబ్బు. దాంతోనే పోయింది."

నర్సు పెన్ను తీసి నాన్న వైపు తిరిగింది. "ఏ వయసులో మొదలైందండీ? ఎప్పుడు చూపించారు?"

నాన్న నా వైపు చూశాడు. జవాబు నాకు తెలుసు. చెప్పలేదు, ఆయన చెప్పేదాకా చూస్తూ కూర్చున్నాను.