బకెట్టులో గన్నేరు రేకు

కుస్తోదియో మొదట దాన్ని కాగితం ముక్క అనుకున్నాడు. పీటర్‌షామ్ వీధిలో, పోర్చుగల్ నుంచి వలసొచ్చినవాళ్ల పండగ కోసం, ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎర్ర కాగితాల తోరణాలు, పచ్చ కాగితాల తోరణాలు కట్టారు. గాలి కొట్టినప్పుడల్లా నాలుగు ముక్కలు రాలి జనం నెత్తిన పడుతున్నాయి. పుల్లలు నానేసిన బకెట్టులో చెయ్యి పెట్టి గుప్పెడు పుల్లలు పైకి తీస్తే, వేలికి అంటుకుని గులాబి రంగు ముక్క ఒకటి వచ్చింది. విదిలించబోయి ఆగాడు. నీళ్లలో రాత్రంతా నానిన కాగితం ఇలా నిలవదు, ముద్దయిపోతుంది. వెలుగులోకి పెట్టి చూస్తే సన్నటి ఈనెలు కనిపించాయి. అది గన్నేరు పూరేకు.

ఎవరైనా చూశారేమోనని చుట్టూ తల తిప్పాడు.

"అన్నయ్యా, పుల్లలు!" వెనకనుంచి చెల్లెలు గ్రాసియెట్ అరిచింది. మోచేతుల దాకా ఉప్పూ వెల్లుల్లీ పూసుకుని మాంసం ముక్కలు కలుపుతోందామె. "లైను చూశావా? కొండచిలవంత పెరిగింది. నువ్వక్కడ బకెట్టులో మొహం చూసుకుంటున్నావా?"

"ఆ, వస్తున్నా," అన్నాడాయన. రేకును అరచేతిలో నలిపి ఏప్రాన్ జేబులో పడేశాడు.

పోర్చుగల్ ఏలుబడిలోని మదీరా దీవి మనుషులకు ఈ మాంసం ఇనప చువ్వ మీద కాలిస్తే సయించదు. పచ్చి లోరు పుల్లకే గుచ్చాలి. లోరు అంటే మన బిర్యానీ ఆకు చెట్టులాంటిదే. నిప్పుల సెగకు పుల్ల లోపలి వాసన మాంసంలోకి దిగాలి. ఏటా మార్చి నెలలో ఈ వీధి పండగకు మదీరా సంఘం వాళ్లు అంగడి వేస్తారు. పుల్లలు కొట్టి తెచ్చేది మాత్రం ఇరవై రెండేళ్లుగా కుస్తోదియో ఒక్కడే. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు, ఇవ్వనివ్వలేదు కూడా. మోకాళ్లు అరిగి నృత్యం మానేశాడు, గొంతు బొంగురుపోయి పాట మానేశాడు. డెబ్బై ఒకటో ఏట ఆయనకు మిగిలిన పెద్దరికం ఆ పుల్లలే.

ఆకులు దూసేస్తే లోరు కొమ్మ, గన్నేరు కొమ్మ కవల పిల్లల్లా ఉంటాయి. గన్నేరు ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే వాళ్ల కొండ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి పుల్లనీ బొటనవేలి గోటితో గీకాలి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి, వాసన తగిలాక "లోరు" అని పైకి అనాలి. అప్పుడే పుల్ల కట్టలో చేరుతుంది. ఏడేళ్ల వయసులో ఒకసారి వాసన చూడకుండా "లోరు" అన్నందుకు తండ్రి ఆయన చెంప పగలగొట్టాడు.

ఆ ముక్కు చచ్చి ఇప్పటికి రెండు చలికాలాలైంది. జ్వరం వచ్చి తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. కళ్లు మసకేస్తే అద్దాలు పెట్టుకున్నాడు, చెవి మందగిస్తే మిషను పెట్టుకున్నాడు. ముక్కు సంగతి మాత్రం పెళ్లాం బతికున్నా చెప్పేవాడు కాదేమో. చెబితే పుల్లల పని పోతుంది, అంతే. మొండితనానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు కొందరికి.

నిన్న సాయంత్రం ఫిలొమేన అవ్వ పెరట్లో పుల్లలు కొట్టాడు. తొంభై ఒక్కేళ్ల ఆ అవ్వది వీళ్ల కొండ ఊరే. ఆమె లోరు చెట్టు మీదికి పక్కింటి గన్నేరు గోడ దాటి వాలి ఉంటుంది. వెళ్లేసరికి పొద్దు వాలింది. మసక చీకట్లో గబగబా నరికి, అక్కడే ఆకులు దూసి, కట్ట కట్టి సంఘం హాల్లోకి తెచ్చాడు. అందరి ముందూ కుర్చీ వేసుకుని కూర్చుని అరవై పుల్లలు గీకాడు, అరవై సార్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, అరవై సార్లు "లోరు" అన్నాడు. గాలి తప్ప ఆయన ముక్కులోకి ఏమీ పోలేదు.

రేకు ఒక్కటే రాలి కట్టలో పడి ఉండొచ్చు కదా? కొమ్మ నరికానని ఏముంది? ఇలా తనకు తానే సర్ది చెప్పుకుంటూ, ఎవరూ చూడకుండా వంగి బకెట్టులోంచి ఒక పుల్ల తీసి కొరికాడు. చేదు. ఇంకొకటి కొరికాడు. అదీ చేదే. లోరు బెరడూ చేదే, గన్నేరూ చేదే. రెంటికీ తేడా చెప్పాల్సింది ముక్కు. ఆయన ఉమ్మేసి మీసం తుడుచుకున్నాడు.

వీధికి అవతల కోడిమాంసం అంగడి ఫిర్మీనోది. అతను అసలు పోర్చుగల్ గడ్డ మీద పుట్టినవాడు, దీవి వాళ్లంటే చులకన. అక్కణ్నించే కేకేశాడు. "ఏమయ్యా కుస్తోదియో, మాంసం చాలక కట్టెలు కూడా నములుతున్నావా? నా దగ్గర ఇనప చువ్వలున్నాయి, రెండు అప్పిస్తా తీసుకో!"

జనం నవ్వారు. ఇంకో రోజైతే కుస్తోదియో నాలుగు అంటించేవాడు. ఇవాళ వంగి బకెట్టులో పుల్లలు ఏరుకున్నాడు.

అప్పటికి నాలుగు పుల్లలు అమ్ముడైపోయాయి. మొదటిది ఎప్పటిలాగే ఫిలొమేన అవ్వకు వెళ్లింది. ఆమె వేదిక పక్కన నీడలో కూర్చుని, బల్లకు బిగించిన ఇనప కొక్కేనికి వేలాడుతున్న పుల్ల నుంచి ముక్కలు లాగి నింపాదిగా నములుతోంది. నిప్పుల మీద ఇంకో పన్నెండు కాలుతున్నాయి. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఆ మాట ఆయనకు తెలుసు. వేదిక మీద అకార్డియన్ జోరందుకుంది, చెక్క బొమ్మల చిడతలు టకటకలాడుతున్నాయి, కొన తేలిన టోపీల పిల్లలు గిర్రున తిరుగుతున్నారు. ఇంత మంది ముందు "నేను అబద్ధమాడాను" అని ఎలా అనడం?

"అన్నయ్యా, ఐదో నంబరు ఇచ్చెయ్, వాళ్లు ఎప్పట్నుంచో నిలబడ్డారు!"

ఎదురుగా ఒక జంట, వాళ్లతో ఐదారేళ్ల పాప. ఆయన చెయ్యి తనంతట తానే కదిలింది. నిప్పుల మీంచి ఒక పుల్ల తీసి ఆ తండ్రి చేతికిచ్చాడు. చిలగడదుంప రొట్టెలు మూడు కాగితంలో చుట్టి తల్లి చేతికిచ్చాడు. "తినండమ్మా," అని కూడా అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తను చేసిందేమిటో ఆయనకు తట్టలేదు.

వాళ్లు పది అడుగుల అవతల బల్ల దగ్గర కూర్చున్నారు. తండ్రి పుల్లను కొక్కేనికి తగిలించి పై ముక్క లాగి రొట్టెలో పెట్టి పాప చేతికిచ్చాడు. వేడిగా ఉంది కాబోలు, పాప బుగ్గలు పూరించి దాన్ని ఊదుతోంది. ఒకసారి ఊది చూసింది. మళ్లీ ఊదింది. నోరు తెరిచింది.

కుస్తోదియో నిప్పుల కుంపటి దాటి ఎలా వెళ్లాడో ఆయనకే తెలీదు. అరిగిన మోకాళ్లు ఎలా పరిగెత్తాయో అంతకన్నా తెలీదు. పాప చేతిలోని రొట్టెను కొట్టి కింద పడేశాడు. కొక్కేనికి వేలాడుతున్న పుల్లను లాక్కున్నాడు. పాప కెవ్వుమంది.

"నీకేమైనా పిచ్చా?" తండ్రి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "పసిపిల్ల మీద చెయ్యి చేసుకుంటావా!"

"తిన్నారా? ముందది చెప్పు నాయనా, ఒక్క ముక్కైనా తిన్నారా?"

"ఎక్కడ తిననిచ్చావ్!"

కుస్తోదియో వెనక్కి తిరిగి, గొంతులో ఉన్న బలమంతా పెట్టి అరిచాడు. "ఎవరూ తినొద్దు! గ్రాసియెట్, అన్నీ దించెయ్! పుల్లల్లో గన్నేరు ఉందేమో!"

అకార్డియన్ సగంలో ఆగింది. ఒక్క చిడతలే ఇంకో రెండు దెబ్బలు మోగి ఆగాయి.

గ్రాసియెట్ చేతులు తుడుచుకోకుండానే వచ్చింది. "ఏం వాగుతున్నావ్? రాత్రి నువ్వే కదా ఒక్కోటీ వాసన చూశావ్! నేను పక్కనే ఉన్నాగా!"

"నాకు వాసన రాదు."

"ఏంటి?"

"ముక్కు పోయింది. రెండేళ్లయింది. రాత్రంతా నాటకమాడాను."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. కొడుతుందనుకున్నారు చూసేవాళ్లు. కొట్టలేదు. తిరిగి వెళ్లి బకెట్టు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. సబ్బుతో రెండు సార్లు చేతులు కడుక్కుని ఒక్కో పుల్లా గీకడం మొదలుపెట్టింది. "లోరు." పక్కన పెట్టింది. "లోరు. లోరు." వీధిలో సగం మంది చుట్టూ మూగారు. బకెట్టులోవి అయిపోయాయి. నిప్పుల మీంచి దించినవాటిని పిడి వైపు గీకి చూసింది. అన్నీ లోరే. అమ్మిన నాలుగూ తెప్పించింది. ఫిలొమేన అవ్వ తన పుల్లను తనే గీకి, తనే చూసుకుని, "ఇది నా చెట్టుదే," అని పంపింది.

కుస్తోదియో ఊపిరి పీల్చుకున్నాడు. రేకే రాలిందన్నమాట. ఊరికే అందరి ముందూ తల తీసి మొల వేసుకున్నానన్న ఆలోచన కూడా వచ్చింది ఆయనకు. ఆ మాటా దాచకుండా చెప్పాలి కదా.

"ఇంకొకటుంది," అంది గ్రాసియెట్. "నీ చేతిలోది."

పాప వాళ్ల బల్ల మీంచి లాక్కున్న పుల్లను ఆయన ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఆమె తీసుకుని గీకింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ అనలేదు. కత్తితో ఇంకొంచెం లోతుగా గీకి మళ్లీ చూసింది.

"ఇది కాదు," అంది.

పాప తల్లి బిడ్డను ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. చొక్కా పట్టుకున్న తండ్రి ఇప్పుడు వదిలేసి వెనక్కి ఒక అడుగు వేశాడు. తిట్టినా బాగుండేదనిపించింది కుస్తోదియోకు.

ఆ తర్వాత గ్రాసియెట్ ఎవరినీ సలహా అడగలేదు. ఒకే నీళ్లలో నానినవి కాబట్టి అరవై పుల్లలూ, గుచ్చిన మాంసమూ అన్నీ సంచుల్లో కట్టించింది. తిన్న నాలుగు బల్లల వాళ్లనూ తనే వెంటబెట్టుకుని ప్రథమ చికిత్స డేరాలోకి తీసుకెళ్లింది. అక్కడి నర్సు ఎవరికో ఫోను చేసి, చాలాసేపు మాట్లాడి, ప్రమాదం తక్కువేననీ, అయినా సాయంత్రం దాకా అందరూ తన కళ్ల ముందే ఉండాలనీ చెప్పింది. రెండు పుల్లలు కొరికానని కుస్తోదియో ఒప్పుకుంటే, ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి వేలికి నాడి చూసే క్లిప్పు తగిలించింది.

ఫిర్మీనో డేరా దాకా వచ్చాడు. చంకలో ఒక కట్ట ఇనప చువ్వలున్నాయి. ఆయన్ను చూసి ఏదో అనబోయి, అనకుండా చువ్వలు గ్రాసియెట్ చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఇరవై రెండేళ్లలో అతను ఎకసెక్కం ఆడకుండా పోవడం అదే మొదటిసారి.

నాలుగింటికి ఎవరికీ వాంతి రాలేదు. ఐదింటికీ రాలేదు. ఫిలొమేన అవ్వ కుర్చీలోనే కునుకు తీసింది. నర్సు ఒక్కొక్కరి నాడీ చూసి పంపేసింది. చివరికి కుస్తోదియో ఒక్కడే మిగిలాడు.

గ్రాసియెట్ వచ్చి మంచం అంచున కూర్చుంది. ఏప్రాన్ జేబులోంచి ఒక లోరు ఆకు తీసి, నలిపి, ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఏమొస్తోంది?"

"ఏమీ రావట్లేదు."

"రెండేళ్లన్నావు."

"ఊఁ."

"అయితే పోయిన క్రిస్మస్‌కి కూడా లేదన్నమాట."

పోయిన క్రిస్మస్‌కు గ్రాసియెట్ తమ తల్లి పద్ధతిలో పంది మాంసం మూడు రోజులు ద్రాక్షసారాయిలో, వెల్లుల్లిలో నానేసి వండింది. తల్లి పోయాక అదే మొదటిసారి. కుస్తోదియో గుమ్మంలోనే ఆగి, కళ్లు మూసుకుని, గట్టిగా గాలి పీల్చి, "అచ్చం అమ్మ వంటింటి వాసనే," అన్నాడు. ఆమె గరిటె పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ సంతోషం పండగ అయిపోయాక కూడా నెల్లాళ్లు ఇంటింటికీ చెప్పుకుంది.

"చెప్పన్నయ్యా. ఆ రోజు నీకేమైనా వాసన వచ్చిందా?"

ఇంకొక్క అబద్ధం ఆడితే ఆమెకు అది మిగులుతుంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన కళ్ల ముందు బుగ్గలు పూరించి ముక్కను ఊదుతున్న పాపే కనిపిస్తోంది.

"లేదు," అన్నాడు. "ఏమీ రాలేదు గ్రాసియెట్. నువ్వు గరిటె పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నావు. ఏం చెప్పను?"

ఆమె ఆకును ముక్కలు ముక్కలుగా తుంచింది. "అయితే అమ్మ చెయ్యి నాకొచ్చిందో లేదో ఇప్పటికీ తెలీదన్నమాట," అంది.

కుస్తోదియో లేచి కూర్చున్నాడు. వేలి క్లిప్పు ఊడి మంచం మీద పడింది.

"ఫిలొమేన అవ్వ అమ్మ చేతి వంట తిన్న మనిషి," అన్నాడు. "ఆవిడకి పెట్టు, ఆవిణ్ని అడుగు. వచ్చే ఏడు పుల్లలు కూడా నువ్వే కొట్టుకో. నన్ను మాత్రం ఇంకెప్పుడూ వాసన గురించి అడక్కు."