తూర్పు కిటికీ మేకులు

వడ్రంగి బిగువు మేస్త్రి చేసిన కిటికీ మూస్తే, లోపల చీమ తుమ్మినా బయటికి వినపడదు. ఓసారి దోమ ఒకటి ఇరుక్కుపోయి, దారి దొరక్క, చివరికి ఇంటి మనిషిలా అలవాటు పడిపోయిందంటే నమ్మండి. ఇది మేస్త్రి చెప్పుకునే ముక్కే. చెప్పనిది ఇంకోటుంది: భార్య పోయాక ఆ ఇంట్లో పలకరించడానికి నిజంగానే దోమ తప్ప దిక్కులేదు.

తర్వాత పిల్లి వచ్చింది. రంపప్పొట్టు రంగు ఒళ్ళు. ఎక్కడినుంచో వచ్చి, నడింట్లో ఉన్న పనిబల్ల కింద చెక్కపేళ్ళలో ముడుచుకుని, ఇల్లు తనదే అన్నట్టు పడుకుంది. మేస్త్రి దాంతోనే కాఫీ తాగేవాడు, దాంతోనే పోట్లాడేవాడు.

ఈ మధ్య దానికి దగ్గు పట్టుకుంది. మెడ చాచి, కడుపు నేలకానించి, లోపలిదేదో బయటికి లాగుతున్నట్టు దగ్గేది. మేస్త్రి కాఫీ పక్కన పెట్టేశాడు. ఇంట్లో గాలి బాగోలేదని తేల్చుకుని సొంత వైద్యం మొదలెట్టాడు. మూల నిమ్మతొక్కలు పెట్టాడు. గుమ్మం దగ్గర మొక్కల కుండీలు పెట్టాడు. గిన్నెడు వేడినీళ్ళలో యూకలిప్టస్ నూనె పోశాడు. ఇల్లు ఘుమఘుమలాడింది. పిల్లి ఇంకా ఎక్కువ దగ్గింది. వాసన చాల్లేదేమోనని మరో నాలుగు చుక్కలు వేశాడు మహానుభావుడు!

చివరికి పిల్లిని చంకనేసుకుని ఆస్పత్రికి పోతే, పశువుల డాక్టరమ్మ దాని ఛాతీ వినడానికి వంగి, ముందు మేస్త్రి చొక్కా వాసన చూసింది.

"తాతగారూ, ఇంట్లో యూకలిప్టస్ చెట్టేమైనా మొలిచిందా?"

"నూనె తల్లీ. కల్తీలేనిది. చెట్టునుంచి తీసిందే."

"చెట్టుదైతే ఏం? పిల్లి ఒంటికి విషమది. దాని కాలేయానికి అరిగించుకునే శక్తి లేదు. పారబోసేయండి. చొక్కా నిండా పొట్టే, చెక్కపని ఇంట్లోనేనా?"

"నా చేతిపని చూశావా అమ్మా? నా కిటికీ మూస్తే..."

"మూయడం కాదు, తెరవడం గురించి చెప్పండి."

"రెండు కిటికీలు. ఒకటి తెరుస్తాగా!"

"వచ్చిన గాలి ఎటు పోవాలి మరి? ఎదురెదురుగా రెండూ తెరవాలి. వార్నిషు పని ఆరుబయట చేసుకోండి. చెక్కదుమ్ము చీపురుతో రేపకండి, తడిగుడ్డతో తుడవండి. మందిస్తాను గానీ, ఆ గాలిలోనే ఉంచితే మీ పిల్లి ఇంకో చలికాలం చూడదు."

రెండోది తూర్పు కిటికీ. మూరెడు సందు అవతల తమ్ముడి కిటికీ. పదకొండేళ్ళ కిందట తమ్ముడు నలుగురిలో, "మా అన్నయ్య తలుపులకి వాన పడితే ఇంటివాళ్ళని కూడా రానివ్వనంత పౌరుషం" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి మేస్త్రి ఆ కిటికీకి మేకులు దిగ్గొట్టేశాడు. భార్య పోయిన రోజు తమ్ముడు గుమ్మంలో నిలబడితే తల తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మేకులు పీకడం మొదలెట్టాడు. ఒక్కోటీ కీచుమంటుంటే అవతలికి వినపడుతుందేమోనని ఆగేవాడు. వెనక పిల్లి దగ్గేది. మళ్ళీ పీకేవాడు.

మేకులన్నీ వచ్చాయి. కిటికీ రాలేదు. ముందురోజు వాన పడింది మరి! చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. ఇక చీమ తుమ్ము సంగతంటారా, అది ఉత్త గొప్పే; చట్రానికీ గోడకీ మధ్య ఎప్పటినుంచో వేలు దూరేంత సందు. దోమలు సకుటుంబంగా వచ్చిపోయేవి. ఆ సందులో మేస్త్రి గుడ్డ కుక్కాడు. సాయంత్రాలు ఆ గుడ్డ కాస్త లాగి, తమ్ముడింట్లో మాటలు వినేవాడు. గిన్నెల చప్పుడైనా సరే, వినేవాడు.

భుజంతో ఒక్క గుద్దు గుద్దితే తెరుచుకుంది. ఎదురుగా తమ్ముడు. జుట్టంతా నెరిసిపోయింది.

"పిల్లికెలా ఉంది అన్నయ్యా? దగ్గు ఇక్కడిదాకా వినపడుతోంది."

"గాలి కావాలంది డాక్టరమ్మ."

"వాన పడిందిగా, ఎలా తెరిచావ్?"

"భుజంతోరా."

గాలి ఇంట్లో ఈ కిటికీలోంచి ఆ కిటికీకి పోయింది. పనిబల్ల మీద పేళ్ళు దొర్లాయి. నెల తిరిగేసరికి పిల్లి దగ్గు మానేసి గోడలెక్కడం మొదలెట్టింది.

ఇందులో కల్పన ఏదంటే దాచను. పిల్లి నిజం, నూనె నిజం, దగ్గు తగ్గడం నిజం. తమ్ముడు కనపడ్డం, మాట్లాడ్డం మాత్రం నేనల్లినవి. ఆ పొద్దున అవతలి కిటికీ మూసే ఉంది. ఇప్పటికీ మూసే ఉంది. మేస్త్రి రోజూ తూర్పుది తెరిచి, దాని పక్కనే కుర్చీ వేసుకుంటున్నాడు. అడిగితే పిల్లికోసమంటాడు.